విడుపు లేని పొడుపు కథలు

ఒడిశాలోని బరంపురంలో తెలుగు మాట్లాడే ఇళ్లలో చాలామంది పిల్లలకు తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. ఇంట్లో అమ్మతో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. నచ్చిన తెలుగు పాటను నోట్‌బుక్‌లో రాసుకోవాలంటే వాళ్ల చేతికి వచ్చిన లిపి ఒడియా. అక్కడే ఒక చిక్కుంది. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ తేడా చూపే అక్షరాలు లేవు. "మెడ" రాసినా "మేడ" రాసినా కాగితం మీద ఒకేలా ఉంటుంది. "కొన", "కోన" కూడా అంతే. "మేడ మీద చందమామ" అని ఒక పంక్తి ఉందనుకుందాం. రాసుకున్న అక్కకు అది డాబా మీద వెన్నెల. కొన్నేళ్లకు అదే నోట్‌బుక్ చెల్లెలి చేతికి వస్తే "మెడ మీద చందమామ" అని చదువుకుంటుంది. గొలుసుకు వేలాడే బిళ్ల కళ్ల ముందు మెరుస్తుంది. కింది పంక్తిలో తళుకు అనో వెలుగు అనో ఒక మాట వచ్చిందంటే ఆ అర్థం ఇంకా గట్టిపడుతుంది. ఇక ఎవరు చెప్పినా వినదు.

ఆ చెల్లెలు చేసినట్టే ప్రపంచమంతటా పాటల బ్యాండ్ల అభిమానులు పాటలకు అర్థాలు కడుతున్నారు. గంటలు గంటలు, కొందరైతే ఏళ్ల తరబడి. అది పనిలేని పని కాదు. ఒక పాటను వందసార్లు విని, ఒక్కో మాట పట్టుకుని ఆలోచించే శ్రద్ధ మామూలు శ్రద్ధ కాదు. అయితే ఆ శ్రద్ధ ఎక్కడ దారి తప్పుతుందో చూడాలి.

తెలుగులో పొడుపు కథకు "విడుపు" ఉంటుంది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కంటి రెప్పలు. ఆ మాట చెప్పగానే ప్రతి ముక్కా అతుకుతుంది, అనుమానం మిగలదు. అర్థం కాని పాట వినపడగానే అభిమాని మనసు దాన్ని పొడుపు కథే అనుకుంటుంది. విడుపు ఎక్కడో ఉంది, రాసినవాడికి తెలుసు, మనం కనిపెట్టాలి అనుకుంటుంది. కానీ పాట అర్థం కాకపోవడానికి కారణం ఒక్కటే కాదు. మాట సరిగ్గా వినపడకపోవచ్చు. వినపడినా, ఆ మాట పుట్టిన ఊరి సంగతి తెలియకపోవచ్చు. నిజంగానే తాళం వేసి తాళంచెవి దాచి ఉండొచ్చు. లేదా అక్కడ తాళమే లేకపోవచ్చు. ఈ నాలుగింటినీ కలగాపులగం చేయడం దగ్గరే చిక్కులన్నీ మొదలవుతాయి.

సరిహద్దు జిల్లాల్లో పెరిగినవాళ్లకు మొదటి రెండూ చిన్నప్పటి నుంచే అనుభవం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత మారింది గానీ మాటలు రెండు వైపులా తిరుగుతూనే ఉన్నాయి. తిరుగుతూ వేషాలు మార్చాయి. ఒడియాలో "గోడ" అంటే కాలు. "పాణి" అంటే నీళ్లు. "కథ" అంటే మాట. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం తప్పకుండా వాయించే సంబల్‌పురి పాట "రంగబతీ"లో కుర్రవాడు అమ్మాయిని "కథా" చెప్పమంటాడు. నవ్వుతూ ఒక్క మాట మాట్లాడమని బతిమాలడం అది. ఆ భాష రాని తెలుగు చెవికి అది అచ్చంగా "కథ చెప్పు"లాగే వినిపిస్తుంది. పేరున్న కథ ఏదో ఉందని, అది తెలిస్తే పాట అర్థమవుతుందని అనిపిస్తుంది. పాటలో రహస్యం ఏమీ లేదు. పక్క భాషలో ఒక మాట ఉంది, అంతే.

ఇలా తప్పుగా వినడానికి ఇంగ్లీషులో ఒక పేరే ఉంది: మాండెగ్రీన్. 1954లో సిల్వియా రైట్ అనే అమెరికన్ రచయిత్రి ఒక పత్రికా వ్యాసంలో ఆ మాట పుట్టించింది. చిన్నప్పుడు ఆమె తల్లి చదివి వినిపించే పాత స్కాట్లండ్ గాథలో ఒక దొరను చంపి "పచ్చిక మీద పడుకోబెట్టారు" అని ఉంటే, పాప చెవికి అది "లేడీ మాండెగ్రీన్" అని వినపడిందట. దొరతో పాటు ప్రాణం విడిచిన ఒక దొరసానిని ఆ పాప ఊహించుకుంది. అసలు మాట తెలిశాక కూడా ఆమెకు తన దొరసానే ఎక్కువ నచ్చింది. అభిమానుల అర్థాల్లో ఉండే బలం ఇదే. తప్పని తేలినా వదలబుద్ధి కాదు.

ఈ విషయంలో పర్లాకిమిడి నుంచి నేర్చుకోవలసింది ఉంది. అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారిని తెలుగువాళ్లు వ్యావహారిక భాష కోసం గుర్తుపెట్టుకున్నారు. సవర భాషకు ఆయన చేసిన పని అంతకు తక్కువది కాదు. ఆ కొండల్లోని సవరల దగ్గర మాట నేర్చుకుని, పాటలూ కథలూ సేకరించి, నిఘంటువు కూర్చారు. వేరే భాష పాట ముందు కూర్చునే మనిషి మొదట చేయాల్సింది అదే. విన్నది విన్నట్టు రాసుకోవడం, ఆ భాష మాట్లాడేవాళ్లను అడగడం. అర్థం సంగతి ఆ తర్వాత. అభిమానుల్లో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అర్థం ముందు సిద్ధం చేసుకుని, దానికి తగ్గట్టు చెవిని సరిచేసుకుంటారు.

ఊరి సంగతి తెలియకపోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పాట ఒకటి చాలు. 1968లో వచ్చిన "హెల్టర్ స్కెల్టర్". ఇంగ్లండ్‌లో హెల్టర్ స్కెల్టర్ అంటే తిరునాళ్లలో కనిపించే ఎత్తైన గోపురం లాంటి కట్టడం, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ కిందికి దిగే జారుడుబల్ల. మనకు జెయింట్ వీల్ ఎలాగో అక్కడి పిల్లలకు అది అలాంటిది. కాలిఫోర్నియాలో చార్లెస్ మాన్సన్ అనేవాడికి ఆ వస్తువు సంగతి పట్టలేదు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ రాబోతున్న యుద్ధానికి బీటిల్స్ పంపిన రహస్య సంకేతం ఆ పాటలో ఉందని తన వెంట ఉన్నవాళ్లకు బోధించాడు. 1969 ఆగస్టులో అతని మనుషులు చేసిన హత్యలకు ఆ నమ్మకమే కారణమని ప్రాసిక్యూషన్ కోర్టులో వాదించింది. ఆ హత్యల బరువు పాట మీద మోపడం అన్యాయం. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. ఇద్దరిదీ ఇంగ్లీషే. భాష ఒకటైనా ఊరు వేరైతే జారుడుబల్ల ప్రళయం అయిపోతుంది.

మరి నిజంగా తాళం వేసిన పాటలు లేవా? ఉన్నాయి. అవి మన పక్కనే ఉన్నాయి. ఒడియా సాహిత్యం చదువుకునే తెలుగు విద్యార్థులకు చర్యాపదాలు తెలియనివి కావు. బౌద్ధ సిద్ధులు పాడుకున్న ఈ పదాల తాళపత్ర ప్రతిని 1907లో హరప్రసాద్ శాస్త్రి నేపాల్‌లో కనుగొన్నారు. 1916లో అచ్చయ్యాయి. ఒడియావాళ్లు, బెంగాలీలు, అస్సామీలు ఎవరికి వారు మావే అంటారు. పైకి ఒక అర్థం, లోపల వేరే అర్థం ఉండే వాటి భాషకు సంధ్యా భాష అని పేరు. ఒక పదంలో తాబేలును పితికితే పాలు కుండలో పట్టవు, చెట్టు మీది చింతకాయను మొసలి తింటుంది. ఇంకో పదంలో కొండ మీద ఇల్లు, ఇరుగుపొరుగు లేరు. కుండలో అన్నం లేదు, రోజూ చుట్టాలే. ఎద్దు ఈనింది, ఆవు గొడ్డుపోయింది.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అని మనకో సామెత. ఏం విన్నా ఆలోచించకుండా తలూపేవాళ్లను అలా అంటాం. చర్యాపదాల విషయంలో ఆ దూడను నిజంగానే కట్టేయవచ్చు. ఎందుకంటే ఆ తాళపత్రాల్లోనే మునిదత్తుడు సంస్కృతంలో రాసిన వ్యాఖ్య ఉంది. మొసలి, అంటే కుంభీరం, ఊపిరి బిగపట్టే కుంభకానికి గుర్తు. వేరే పదంలో శరీరం చెట్టు, దానికి అయిదు కొమ్మలు. ఇవి ఒక్క కవి ఊహలు కావు. గురువు శిష్యుడికి చెవిలో చెప్పే గుర్తులు, ఆ సాధన చేసేవాళ్లందరికీ తెలిసినవి. మన తత్వాల్లో తొమ్మిది వాకిళ్ల కొంప అంటే ఒళ్లని భజనలో కూర్చున్న ప్రతి ముసలమ్మకూ తెలిసినట్టే. బయటివాడికి తాళం, లోపలివాడికి తాళంచెవి. పాట పాడే గుంపు దగ్గరే రెండూ ఉంటాయి.

ఈ కాలంలో అలాంటి పని చేస్తున్నది కొరియన్ బ్యాండ్ బీటీఎస్. 2016 నాటి "వింగ్స్" ఆల్బమ్‌కు హెర్మన్ హెస్సే నవల "డెమియన్" ఆధారమని దాచుకోలేదు. వీడియోల్లో ఆ నవల వాక్యాలు చదివించారు కూడా. అభిమానులు వెళ్లి ఆ పుస్తకం కొనుక్కుని చదివారు. అక్కడ దొరికిన అర్థాలు ఊహలు కావు, ఎందుకంటే వస్తువును పెట్టిందీ వెతకమన్నదీ తయారుచేసినవాళ్లే. విడుపు ఉన్న పొడుపు అది. చిక్కల్లా, ఇలాంటి పాటలకు అలవాటుపడ్డ చెవి ప్రతి పాటలోనూ పుస్తకం వెతుకుతుంది.

తాళమే లేని పాటలు ఎలా ఉంటాయో చూడటానికి ఇంగ్లండ్ వెళ్లక్కర్లేదు. మన ఇంటి అరుగు మీద పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చుని ఆడే ఆట చాలు.

"కాళ్లాగజ్జీ కంకాళమ్మా, వేగుచుక్కా వెలగామొగ్గా, మొగ్గా కాదు మోదుగ నీడ, నీడా కాదు నిమ్మల బావి, బావీ కాదు వావింటాకు..."

ఈ పాటకు ఈమధ్య ఒక అర్థం బాగా ప్రచారంలో ఉంది. ఇది కాళ్లకు వచ్చే గజ్జికి పూర్వీకులు చెప్పిన వైద్యమని, ఒక్కో మాట ఒక్కో మందు మొక్క అని, దీనితో తగ్గకపోతే దానికి వెళ్లమని వరుసగా చెప్పారని. వినగానే ఒళ్లు పులకరిస్తుంది. మనవాళ్లు ఎంత తెలివైనవాళ్లో అనిపిస్తుంది. వావిలాకు నిజంగానే మందాకు, మోదుగ కూడా మందు చెట్టే. అలాంటప్పుడు నమ్మడంలో తప్పేముంది?

పాటను కాస్త నెమ్మదిగా పలికి చూస్తే తెలుస్తుంది. వేగుచుక్క, వెలగమొగ్గ: వే, వె. మొగ్గ, మోదుగ: మొ, మో. నీడ, నిమ్మల: నీ, ని. బావి, వావి: ప్రాస. ఒక మాటలోని చప్పుడే తర్వాతి మాటను పిలుస్తోంది. మోదుగ వచ్చింది వైద్యం కోసం కాదు, మొగ్గ తర్వాత "మో" కావాలి గనుక. వైద్యం అర్థం ఆకుల దగ్గర బాగానే నడుస్తుంది, "నీడ" దగ్గర కుంటుతుంది, "బావి" దగ్గర ఆగిపోతుంది. చివర వచ్చే "కాలు తీసి కడగా పెట్టు" అయితే ఏ రోగానికీ మందు కాదు. చివరి మాట ఎవరి కాలి మీద పడితే ఆ పిల్ల కాలు ముడుచుకోవాలన్న ఆట నియమం. పాట అర్థం ఆటలో ఉంది. మాటలు దరువు కోసం వచ్చాయి. అందువల్ల పాట విలువ తగ్గదు. ఇన్ని తరాల పిల్లల నోట చిన్న చిన్న మార్పులతోనే నిలబడిందంటే ఆ చప్పుళ్ల పేర్పు ఎంత పటిష్ఠమైనదో చూడండి.

ఇది గుర్తుంచుకుని బీటిల్స్ పాటల్లో ఎక్కువ చర్చ జరిగిన "ఐ యామ్ ద వాల్రస్" దగ్గరికి వెళ్లాలి. వాల్రస్ అంటే పొడవాటి కోరలున్న సముద్ర జంతువు. 1967లో ఆ బ్యాండులోని జాన్ లెనన్‌కు తాను చదువుకున్న క్వారీ బ్యాంక్ స్కూల్ నుంచి ఒక విద్యార్థి ఉత్తరం వచ్చింది. క్లాసులో తమ టీచర్ బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని. లెనన్‌కు ఆ సంగతి వింతగా అనిపించింది. ఎవరూ విప్పలేని పాట ఒకటి రాయాలనుకున్నాడు. బడిలో పిల్లలు పాడుకునే రోత పాట ఒకటి చిన్ననాటి స్నేహితుడు పీట్ షాటన్‌ను అడిగి గుర్తు చేయించుకున్నాడు. చచ్చిన కుక్క కన్ను, పసుపు కస్టర్డ్ అక్కడి నుంచే వచ్చాయి. పాట నడకకు దూరంగా వినపడ్డ పోలీసు సైరన్ రెండు స్వరాలు ఆధారం. ముగింపులో రేడియోలో అప్పుడు వస్తున్న షేక్‌స్పియర్ నాటకం "కింగ్ లియర్" ముక్కలు కలిసిపోయాయి.

ఇప్పుడు ఆలోచించండి. "కాళ్లాగజ్జీ"ని ఎవరో ఒక తెలుగు బ్యాండు గిటార్లతో పాడిందనుకుందాం. తెలుగు పిల్లల ఆట తెలియని విదేశీ అభిమాని "కంకాళమ్మ" ఎవరు, ఆమె మృత్యుదేవతా అని పేజీలు నింపుతాడు. అలాంటి పేజీలే వాల్రస్ చుట్టూ నిండాయి. కుక్క కన్ను యుద్ధమన్నారు, కస్టర్డ్ సమాజం కుళ్లన్నారు. లివర్‌పూల్ బడిపిల్లలకు అది ఇంటర్వెల్‌లో పాడుకునే పాట.

మరుసటి ఏడాది "గ్లాస్ ఆనియన్" పాటలో లెనన్, వాల్రస్ అంటే తన బ్యాండులోని పాల్ అని ఒక ముక్క వదిలాడు. వెతికేవాళ్లకోసమే వదిలిన ఎర అది. 1969 అక్టోబరులో అమెరికాలో పాల్ మెకార్ట్నీ ఎప్పుడో చనిపోయాడని, అతని స్థానంలో పోలికలున్న వేరే మనిషి పాడుతున్నాడని పుకారు లేచింది. డెట్రాయిట్ రేడియో స్టేషన్‌కు వచ్చిన ఒక ఫోన్ కాల్‌తో అంటుకుంది. మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థి పత్రికలో ఫ్రెడ్ లాబూర్ అనే కుర్రవాడు ఆల్బమ్ సమీక్ష పేరుతో ఆధారాల చిట్టా రాశాడు. వాటిలో కొన్ని తానే కల్పించాడు. వాల్రస్ అంటే గ్రీకులో శవం అన్న మాట అలా ఊరంతా తిరిగింది. గ్రీకులో అలాంటి మాట లేదు. "ఆబీ రోడ్" ఆల్బమ్ అట్ట మీద పాల్ చెప్పులు లేకుండా నడవడం శవానికి గుర్తయింది. వెనక ఆగిన కారు నంబరులో 28 ఉంటే, బతికుంటే అతని వయసు అదేనన్నారు. అప్పటికి అతనికి 27. "స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్" చివర లెనన్ "క్రాన్‌బెర్రీ సాస్" అని గొణిగితే "పాల్‌ను పూడ్చాను" అని వినపడింది. నవంబరులో స్కాట్లండ్‌లోని తన పొలం దగ్గర భార్యాపిల్లలతో ఉన్న పాల్ "లైఫ్" పత్రికకు తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ పుకారును పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. దాని నిర్మాణం మాత్రం "గజ్జి వైద్యం" నిర్మాణమే. అతికే ముక్కలను ఎత్తిపట్టుకోవడం, అతకనివాటిని వదిలేయడం. వయసు ఒక్క ఏడు తేడా వస్తే దాన్నీ ఏదో ఒకటి చెప్పి సర్దుకోవడం. పొడుపు కథకు ఆ వెసులుబాటు ఉండదు. రెప్పలు కాకుండా చెవులు అంటే తలుపులు తెరుచుకోవు, ఆట అక్కడితో ఆగిపోతుంది.

పాటలు పుట్టే తీరు తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. సినిమా పాటలు ట్యూన్‌కు రాస్తారని, ముందు ఏవో డమ్మీ మాటలు పెట్టుకుంటారని తెలుగు ప్రేక్షకులకు తెలిసిందే. మెకార్ట్నీ "యెస్టర్‌డే" వరస దొరికిన రోజుల్లో దాన్ని "స్క్రాంబుల్డ్ ఎగ్స్" అని పాడుకున్నాడు. అసలు మాటలు తర్వాత వచ్చాయి. ఐస్‌లాండ్ బ్యాండ్ సిగుర్ రోస్ అయితే డమ్మీ దగ్గరే ఉండిపోయింది. 2002 నాటి వాళ్ల ఆల్బమ్‌కు పేరు బదులు రెండు బ్రాకెట్లు, పాటలకు పేర్లు లేవు, పాడింది ఏ దేశపు భాషా కాదు. దానితో ఇచ్చిన పుస్తకంలో పేజీలు ఖాళీ. విన్నవాళ్లు తమకు తోచింది రాసుకోవడానికి. విడుపు మీదే అని వాళ్లు నేరుగా చెప్పారు. అంత నిజాయితీ తక్కువమందికి ఉంటుంది.

అలాగని రాసినవాడు చెప్పిందే వేదమా? ఇక్కడ అభిమానుల పక్షాన కూడా మాట్లాడాలి. రాసినవాడికి తన పాట పూర్తిగా తెలియాలని ఏమీ లేదు. కాళ్లాగజ్జీ కట్టిందెవరో ఒకరు ఉండి, వాళ్లను అడిగినా "మొగ్గ తర్వాత మోదుగ ఎందుకు" అంటే నోటికొచ్చింది అనే చెబుతారు. ప్రాస లెక్క వాళ్ల నోటికి తెలుసు, వాళ్లకు తెలియకపోవచ్చు. ఆ లెక్కను బయటపెట్టేది వినేవాడే. మంచి అభిమాని చేసే పని అది. ఒక్క మాట కోసం కాకుండా మొత్తం పాట కోసం లెక్క చెప్పేవాడు, అతకని చోటును దాచకుండా చూపించేవాడు ఎవరైనా, అతని అర్థానికి చెవి ఒగ్గాల్సిందే. మెడ మీద చందమామను చూసిన ఆ చెల్లెలు కూడా, అక్క వచ్చి "అది మేడ" అన్నాక, తన బొమ్మను తనదిగా దాచుకుంటే చాలు. పాటది అనకుండా ఉంటే చాలు.

లెనన్ కూడా ఒక పాటకు అభిమానే. వాల్రస్‌ను అతను తెచ్చుకున్నది లూయిస్ క్యారల్ 1871లో అచ్చేసిన "త్రూ ద లుకింగ్ గ్లాస్" పుస్తకంలోని పద్యం నుంచి. అందులో వాల్రస్, వడ్రంగి కలిసి ముత్యపు చిప్పల్లోని పిల్లజీవులను మాయమాటలతో షికారుకు పిలిచి తినేస్తారు. చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ ఆ పద్యంలో వాల్రస్ చెడ్డవాడన్న సంగతి తనకు పాట వచ్చాక గానీ తట్టలేదని, వడ్రంగిని ఎంచుకోవాల్సిందని 1980లో ఒక ఇంటర్వ్యూలో లెనన్ బాధపడ్డాడు. పద్యంలో వడ్రంగి కూడా తనకు దొరికినన్ని తింటాడు. ఆ వడ్రంగి అసలు ఎందుకున్నాడని క్యారల్ పద్యం చుట్టూ మళ్లీ బోలెడు అర్థాలు పుట్టాయి. బొమ్మలు వేసే జాన్ టెన్నియెల్‌కు క్యారల్ మూడు మాటలు ఇచ్చాడు: వడ్రంగి, సీతాకోకచిలుక, బేరనెట్ అనే బిరుదున్న దొర. ఇంగ్లీషులో మూడూ ఒకే నడక, ఏది పెట్టినా పద్యం గణం తప్పదు. టెన్నియెల్ వడ్రంగి బొమ్మ వేస్తానన్నాడు.